ముళ్లు లేని మొక్కల్లో ఏది మీకు సరిపోతుంది: గులాబీ, బ్లాక్‌బెర్రీ, నిమ్మ, నాగజెముడు, నీడ చెట్లు

ముళ్లు లేని మొక్క కావాలని వెతికేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఏమిటంటే, ఆ పేరుతో అమ్మే మొక్కలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని గులాబీలకు పుట్టుకతోనే ముళ్లుండవు. ఒక రకం బ్లాక్‌బెర్రీకి పైపొరలోనే ఆ గుణం ఉంటుంది. వేరు తెగిన చోట లేచే పిలకకు ఒళ్లంతా ముళ్లే. నిమ్మ లేత వయసులో గుచ్చి గుచ్చి, ముదిరాక శాంతిస్తుంది. గోరింట దీనికి సరిగ్గా తిరగబడి, లేతగా ఉన్నప్పుడు నున్నగా ఉండి, ముదిరాక కొమ్మల కొసలు ముళ్లుగా మొనదేలతాయి.

అందుకే ఈ రోజు కొమ్మ నున్నగా ఉందా లేదా అన్నది ఎంపికకు చాలదు. ఆ నున్నదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే అది మీ ఇంట్లో పదేళ్ల తర్వాత కూడా ఉంటుందో లేదో చెప్పగలం. ఈ పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

మొక్కకు తగిలించిన చీటీ మీద శాస్త్రీయ నామంలో ‘ఇనర్మిస్’ అనో ‘ఇనర్మె’ అనో కనిపిస్తే, పేరు పెట్టినవాళ్ల దృష్టిలో అది ఆయుధం లేని మొక్క, అంటే ముళ్లు లేనిది. ఆ పేరు మంచి సూచనే, హామీ మాత్రం కాదు. గోరింట శాస్త్రీయ నామం లాసోనియా ఇనర్మిస్. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ పేరు పెట్టినప్పుడే, ముళ్లున్న గోరింటను వేరే జాతి అనుకుని దానికి లాసోనియా స్పైనోసా అని ఇంకో పేరు పెట్టాడు. ఆ రెండూ ఒకే జాతి అని తర్వాత తేలింది. ముదిరిన గోరింట చెట్టు దగ్గర ఆకు కోసినవాళ్లకు ఈ సంగతి చేతికే తెలుస్తుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ముల్లు మొక్కలో ఏ భాగం. గుచ్చుకునేవన్నీ ఒకటే అనిపించినా వాటి పుట్టుక వేరు. గులాబీ, బ్లాక్‌బెర్రీ, వంగ ముళ్లు తొక్క మీద మొలిచినవి. పక్కకు నెడితే పుటుక్కున ఊడి వస్తాయి, లోపల కట్టె ఉండదు. నిమ్మ, బోగన్‌విలియా ముల్లు అంటే ముల్లుగా మారిన కొమ్మ. ఆకు చంకలో నుంచి వస్తుంది, ముదిరితే కట్టెలా గట్టిపడుతుంది. నాగజెముడు ముల్లు అంటే ముల్లుగా మారిన ఆకు. ఈ తేడా తెలిస్తే లాభం ఉంది. నిమ్మ ముల్లును కత్తెరతో తుంచేయవచ్చు, చెట్టుకు ఏమీ కాదు. నాగజెముడుకు పెద్ద ముళ్లు లేకపోయినా వాటి మొదట్లో కంటికి ఆనని నూగు ముళ్లు మిగిలే ఉండొచ్చు.

ఆ గుణం ఎంత లోతుగా ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నాలుగు రకాల పరిస్థితులు ఉంటాయి. మొక్క ఒళ్లంతా జన్యువులోనే ముళ్లు లేకపోవడం ఒకటి, ఇది నమ్మదగినది. పైపొర కణాల్లోనే మార్పు వచ్చి, లోపలి పొరలు పాత ముళ్ల మొక్కగానే ఉండిపోవడం రెండోది. వయసు వల్ల ముళ్లు తగ్గడం మూడోది. పైన కట్టిన అంటుకు ముళ్లు లేకపోయినా కింద వేరుమూలం, అంటే అంటుకు వేళ్లు ఇచ్చే మొక్క, ముళ్ల జాతి కావడం నాలుగోది. చివరి మూడింటిలోనూ ముళ్లు తిరిగి వచ్చే దారి ఒకటి తెరిచే ఉంటుంది.

మీరు దాన్ని ఎలా పెంచుతారు. గింజ, కొమ్మ, వేరు ముక్క, అంటు – దేనితో పెంచితే ఆ గుణం నిలుస్తుందో మొక్కను బట్టి మారుతుంది. ఒక్క మొక్క కొని దాన్నే పదిగా చేసుకోవాలనుకునేవాళ్లకు ఇది ప్రాణం లాంటి విషయం.

ముల్లుతో పాటు ఏం పోతుంది. ముల్లు మొక్కకు కాపలా. మేకలు, కుందేళ్లు, జింకలు తిరిగే చోట అది లేని మొక్కకు మీరే కాపలా కాయాలి. పాకే గులాబీకి కొక్కెంలా వంగిన ముల్లు పట్టుకొమ్మ కూడా. అది లేకపోతే తీగను మీరే కట్టాలి. కొన్ని రకాల్లో రుచి, దిగుబడి, తెగుళ్లను తట్టుకునే శక్తి కూడా తేడాగా ఉంటాయి. అయితే అవి ముల్లు లేనందువల్ల వచ్చిన లోపాలు కానక్కర లేదు. వంగ, గులాబీ సహా ఎన్నో కుటుంబాల మొక్కల్లో తొక్క ముళ్ల వెనక ఒకే జన్యు కుటుంబం (పేరు ‘లాగ్’) ఉందని 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. దాని పని ఆగిపోతే ముళ్లు పోతాయి, మొక్క ఎదుగుదల, కాయ మాత్రం చెడిపోనక్కర లేదు. కాబట్టి ముళ్లు లేని రకం తప్పకుండా నాసిగా ఉంటుందన్న భయం వదిలేయవచ్చు. రకాన్ని రకంగానే చూడాలి.

ఎవరు దగ్గరికి వస్తారు. పసిపిల్లలు, చూపు తగ్గిన పెద్దలు, రోజంతా కాయలు కోసే కూలీలు, మేసే పశువులు: వీళ్లలో ఎవరి కోసం అనేదాన్ని బట్టి ‘ముళ్లు లేని’ అన్న మాటకు మీరు పెట్టుకునే హద్దు మారుతుంది. నాలుగు ముళ్లు మిగిలితే పెద్దవాళ్లకు ఫర్వాలేదు, దోగాడే పిల్లకు ఫర్వా ఉంటుంది.

## గులాబీ

ఇక్కడ రెండు పేర్లు ప్రధానంగా వినిపిస్తాయి, రెండూ పాకేవే.

జెఫిరిన్ డ్రూయిన్ 1868 నాటి ఫ్రెంచి గులాబీ. కొమ్మలు నున్నగా ఉంటాయి, ముదురు గులాబీ రంగు పూలు, గాఢమైన వాసన, ఒక విడతతో ఆగకుండా మళ్లీ మళ్లీ పూస్తుంది. కాస్త నీడ పడే గోడకు కూడా ఒప్పుకుంటుంది. దీని బలహీనత ఆకులు: నల్లమచ్చ, బూడిద తెగులు తొందరగా పట్టుకుంటాయి. గాలి ఆడని మూలలో, ఆకులు తడిసే చోట పెడితే మందులు కొడుతూనే ఉండాలి. దీని కొమ్మ ఒకటి దానంతటదే మారి పుట్టిన కేథలీన్ హారప్ లేత రంగుది, కొంచెం తక్కువ ఎదుగుతుంది. చిన్న వాకిలికి నేనైతే దీన్నే సూచిస్తాను.

లేడీ బ్యాంక్స్ గులాబీ స్వభావం పూర్తిగా వేరు. చైనా నుంచి 1807లో ఇంగ్లండు చేరిన తెల్ల ముద్ద రకానికి ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ భార్య పేరు మీద ఆ పేరు వచ్చింది. తర్వాత వచ్చిన పసుపు ముద్ద రకం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. ముళ్లుండవు, తెగుళ్లు పెద్దగా తాకవు, ఆకు దట్టంగా ఉంటుంది. కానీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, పైగా దానికి చాలా చోటు కావాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూమ్‌స్టోన్ ఊళ్లో 1885లో నాటిన తెల్ల లేడీ బ్యాంక్స్ ఒకే ఒక్క మొదలు నుంచి పాకి ఒక పెద్ద పందిరినంతా కప్పేసింది. చిన్న బాల్కనీకి ఈ గులాబీ తగదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పాత కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి పూత అయిపోగానే కత్తిరించాలి. పూతకు ముందు కత్తిరిస్తే ఆ ఏడు పూలుండవు. ఇంకో మాట, అడవి లేడీ బ్యాంక్స్‌కు ముళ్లుంటాయి. ముద్ద రకాలను కొమ్మల ద్వారా పెంచితేనే నున్నదనం నిలుస్తుంది.

పొద గులాబీ కావాలంటే, పాత రకాల్లో రైన్ దే వియొలెత్ దాదాపు ముళ్లు లేనిది. పాకే రకాల్లో ఊదా రంగు ఫైల్‌షెన్‌బ్లావ్ కూడా ఈ కోవలోదే. ‘దాదాపు’ అన్నది గుర్తుంచుకోండి. గులాబీల్లో నున్నటి కొమ్మ ఉన్నా ఆకు అడుగున నడి ఈనె మీద చిన్న కొక్కేలు ఉండొచ్చు.

గులాబీల్లో ముళ్లు మళ్లీ రావడానికి ముఖ్య కారణం వేరుమూలం. అంటు కింది నుంచి లేచే కొమ్మ ఆకు ఆకారం, చిగురు రంగు పైకొమ్మకు భిన్నంగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే రెండు మూడేళ్లలో అసలు గులాబీని అణిచేస్తుంది. సొంత వేరు మీద పెంచిన మొక్క దొరికితే ఈ బెడద ఉండదు.

## బ్లాక్‌బెర్రీ

నేను చెప్పిన ‘లోతు’ ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ పండు చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

థార్న్‌లెస్ ఎవర్‌గ్రీన్ అనే రకం 1926లో అమెరికాలో ఒరెగాన్‌లో కనబడింది. ముళ్ల మొక్కలో ఒక కొమ్మ నున్నగా వచ్చింది, దాన్ని విడదీసి పెంచారు. అయితే మార్పు వచ్చింది పైపొర కణాల్లో మాత్రమే. ముళ్లు పైపొర నుంచి పుడతాయి కాబట్టి కొమ్మ నున్నగానే ఉంటుంది. వేరు నుంచి లేచే పిలక లోపలి కణాల నుంచి పుడుతుంది కాబట్టి దానికి ముళ్లు వస్తాయి. గింజ కూడా లోపలి పొర నుంచే కాబట్టి గింజ మొక్కా ముళ్లదే. ఈ రకాన్ని పెంచాలంటే కొమ్మ కొసను వంచి మట్టిలో పాతి వేళ్లు పట్టించాలి. పార, గునపం మొదలు దగ్గర ఆడించకూడదు; వేరు తెగితే ముళ్ల పిలకలు మొదలవుతాయి. కలుపు చేత్తో తీసేవాళ్లకు, చెట్టు చుట్టూ ఆకులో గడ్డో పరిచేవాళ్లకు ఇది నడుస్తుంది. యంత్రంతో సాళ్ల మధ్య దున్నేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

రెండో వంశం ఇంగ్లండులోని జాన్ ఇన్స్ సంస్థ నుంచి వచ్చిన మెర్టన్ థార్న్‌లెస్‌ది. దీనికి ముళ్లు లేకపోవడం ఒళ్లంతటా జన్యువులోనే ఉంది. వేరు పిలక కూడా నున్నగానే వస్తుంది. ఇది అణిగి ఉండే గుణం, కాబట్టి ముళ్ల రకం పుప్పొడి తగిలి పుట్టిన గింజ మొక్కకు మళ్లీ ముళ్లే. పిట్టలు వదిలిన గింజల నుంచి తోటలో లేచిన మొక్కలను అందుకే ఉంచుకోకూడదు. 1966లో అమెరికా వ్యవసాయ శాఖ విడుదల చేసిన థార్న్‌ఫ్రీ, స్మూత్‌స్టెమ్ ఈ వంశంవే. మొదటి తరంలో పులుపు ఎక్కువ, పండటం ఆలస్యం. ఆ చెడ్డ పేరు ఇప్పటికీ ముళ్లు లేని బ్లాక్‌బెర్రీలన్నిటినీ వెంటాడుతోంది. ఇప్పటి రకాలకు అది అన్యాయం.

ఇప్పుడు ఎంపిక మూడు దారుల్లో ఉంటుంది:

- చెస్టర్, ట్రిపుల్ క్రౌన్: పొడవైన కొమ్మలు వంగి వాలిపోతాయి, తీగలు కట్టి నిలపాలి. కాపు బాగా ఉంటుంది. ట్రిపుల్ క్రౌన్ తియ్యగా ఉంటుంది. చెస్టర్ పండు గట్టిగా ఉండి రవాణాకు తట్టుకుంటుంది. కొత్త కొమ్మలు మొదలు దగ్గరే వస్తాయి, తోటంతా పాకదు.
- నవాహో, వాషిటా: ఆర్కాన్సా విశ్వవిద్యాలయం రకాలు. నిటారుగా నిలబడతాయి, ఆసరా తక్కువ చాలు. నవాహో పండు చిన్నదైనా తీపి, నిల్వ గుణం బాగుంటాయి. వేరు పిలకలు దూరంగా లేస్తాయి, హద్దు దాటకుండా చూడాలి.
- ప్రైమ్-ఆర్క్ ఫ్రీడమ్: 2013లో వచ్చింది. మామూలు రకాలు రెండో ఏటి కొమ్మ మీద కాస్తాయి. ఇది మొదటి ఏటి కొమ్మ మీదే కాస్తుంది. ముళ్లు లేని వాటిలో ఈ గుణం ఉన్న మొదటి రకం ఇదే.

వేటికైనా చలికాలంలో కొంత చలి తప్పనిసరి, ఆ అవసరం రకాన్ని బట్టి మారుతుంది. నవాహోకు ఎక్కువ చలి గంటలు కావాలి, వాషిటా తక్కువతో సరిపెట్టుకుంటుంది. మీ చలి సరిపోకపోతే ముళ్లు లేకపోవడం మిమ్మల్ని కాపాడదు, అసలు కాపే ఉండదు.

## నిమ్మ జాతి

నిమ్మలో ముళ్లు వయసుతో ముడిపడ్డవి. గింజ నుంచి లేచిన మొక్క ఏళ్ల తరబడి లేతదనంలోనే ఉంటుంది. ఆ కాలమంతా పొడవైన ముళ్లు, ఆలస్యంగా కాపు. కాస్తున్న ముదురు కొమ్మ నుంచి కన్ను తీసి అంటు కడితే ముళ్లు తక్కువ, కాపు తొందర. కాబట్టి ఇంట్లో పండు తిని గింజ పాతినవాళ్లు ముళ్ల మొక్క వచ్చిందని రకాన్ని నిందించకూడదు.

లెమన్‌లో, అంటే పసుపుపచ్చని కోల నిమ్మలో, ప్రధాన పోటీ యురేకా, లిస్బన్ మధ్య. యురేకాకు ముళ్లు చాలా తక్కువ, ఏడాదిలో ఎక్కువ కాలం కాస్తూ ఉంటుంది. కానీ ఆకు పలచన, కాయలు కొమ్మ కొసల్లో బయటికి ఉంటాయి కాబట్టి ఎండ, చలి దెబ్బ తగులుతుంది. లిస్బన్ ముళ్లున్నది, బలంగా, దట్టంగా పెరుగుతుంది, కాయ ఆకుల మాటున దాక్కుంటుంది, వాతావరణం మొండికేసినా తట్టుకుంటుంది. పెరట్లో రోజూ ఒకటి రెండు కాయలు కోసుకునే ఇంటికి యురేకా. ఈదురుగాలి, చలి ఉన్న బయలు తోటకు ముళ్లు భరించి అయినా లిస్బన్. యురేకా కొనేటప్పుడు ఒకటి అడగాలి: వేరుమూలం మూడాకుల నారింజ గానీ దాని సంకరం గానీ కాకూడదు. ఆ రెండిటికీ పొసగదు, చెట్టు కొన్నేళ్లకు చితికిపోతుంది.

చిన్న నిమ్మకాయల్లో గింజలున్న, ఘాటైన వాసన గల గుండ్రటి రకం ముళ్లది. టాహిటి నిమ్మకు ముళ్లు దాదాపు ఉండవు, గింజ ఉండదు, కాయ పెద్దది. వాసన మాత్రం మొదటిదానంత ఘాటుగా ఉండదు. పచ్చడికి, వాసనకు ప్రాధాన్యమిచ్చేవాళ్లు ఈ మార్పుకు ఒప్పుకుంటారో లేదో ముందే కాయ రుచి చూసి తేల్చుకోవాలి.

ముళ్లు లేని నిమ్మలో కూడా నిటారుగా, వేగంగా లేచే నీటి కొమ్మలకు ముళ్లు వస్తాయి. అది తిరోగమనం కాదు, ఆ కొమ్మ జోరు. ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి: నిమ్మ జాతిలో మొగ్గ ఎదుగుదలను ఆపి ముల్లుగా మార్చే రెండు జన్యువులను 2020లో గుర్తించారు. వాటిని పనిచేయకుండా చేస్తే ముల్లు రావాల్సిన చోట కొమ్మ వచ్చింది.

## నాగజెముడు

పశుగ్రాసం కోసం, కుండీ అందం కోసం – ఇద్దరూ ఇదే అడుగుతారు, ఇద్దరికీ సమాధానం వేరు.

కాలిఫోర్నియాలో లూథర్ బర్బాంక్ 1907లో ముళ్లు లేని నాగజెముడును అమ్మకానికి పెట్టి, ఎడారులను మేత భూములు చేస్తుందని ప్రచారం చేశాడు. ఆ ఆశ చాలామందిని నష్టపరిచింది. ముళ్లు పోయిన మట్టను (ఆకులా కనిపించే దళసరి కాండాన్ని) పశువులు, కుందేళ్లు, ఎలుకలు మొదలంటా తినేశాయి. కంచె కట్టి, నీరు పెట్టి చూసుకున్నచోటే నిలిచింది. ఆ పాఠం ఇప్పటికీ మారలేదు. ముళ్లు లేని నాగజెముడు ఒక పంట, వదిలేస్తే బతికే కలుపు కాదు.

మేతకు వేసేవాళ్లు రెండు రకాల మధ్య తేల్చుకోవాలి. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పశువుల మేతకు విరివిగా వేసే ‘జిగాంతె’ పెద్ద మట్టలది, పొడి తట్టుకుంటుంది, కానీ కార్మైన్ కోచినీల్ అనే రసం పీల్చే పురుగుకు లొంగిపోతుంది. ‘మియూద’ చిన్న మట్టలది, ఆ పురుగును తట్టుకుంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి. అయితే వర్షాభావాన్ని జిగాంతె అంత బాగా ఓర్చుకోదు. పురుగు ఉన్న చోట మియూద, లేని బీడు చోట జిగాంతె. ఏదైనా మట్టలో పది పాళ్లకు దాదాపు తొమ్మిది పాళ్లు నీరే, మాంసకృత్తులు తక్కువ. ఇదొక్కటే పెడితే పేడ జారుతుంది. ఎండు మేత, మాంసకృత్తులున్న దాణా కలపాలి.

కుండీలో పెట్టుకునేవాళ్లకు నా హెచ్చరిక నూగు ముళ్ల గురించి. మట్ట మీద చుక్కల్లా కనిపించే కళ్లలో కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి, ముట్టుకుంటే చర్మంలో దిగి విరుగుతాయి, వెనక్కి ముడిచి ఉండడం వల్ల తీయడం కష్టం. పెద్ద ముళ్లు లేని కుందేలు చెవి నాగజెముడును మెత్తని బొమ్మలా చూసి పిల్లలు పట్టుకుంటారు. పిల్లలున్న ఇంటికి అది వద్దు.

నాటాల్సింది మట్టనే, గింజను కాదు. ముళ్లు లేని రకం గింజల నుంచి ముళ్ల మొక్కలు లేస్తాయి. దక్షిణాఫ్రికాలో అలా లేచినవి బయలు భూముల్లో కలుపుగా మారాయి. ఆస్ట్రేలియాలో ముళ్ల నాగజెముడు భూములను కమ్మేసి, 1920ల్లో కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మటను తెచ్చి వదిలాక గానీ అదుపులోకి రాలేదు. పండ్లను నేల మీద కుళ్లనివ్వకపోవడం, హద్దు బయట లేచిన మొలకలను పీకేయడం ఈ మొక్క పెంచేవాళ్ల బాధ్యత.

## నీడ చెట్లు

హనీ లోకస్ట్ అనే ఉత్తర అమెరికా చెట్టుకు మాను మీదే కొమ్మలు వేసిన ముళ్లు, జానెడు దాకా పెరిగేవి ఉంటాయి. దాని ‘ఇనర్మిస్’ రూపం మాత్రం వీధి చెట్టుగా ఎన్నో నగరాలకు చేరింది. చిన్న చిన్న ఆకులు, చిక్కని నీడ కాదు, జల్లెడ పట్టిన నీడ. కింద గడ్డి బతుకుతుంది. గట్టిపడ్డ నేలను, ఉప్పును, కరువును ఓర్చుకుంటుంది. గింజ నుంచి పెంచితే కొన్ని ముళ్లవి తేలతాయి కాబట్టి మొరైన్, షేడ్‌మాస్టర్, స్కైలైన్ లాంటి పేరున్న అంటు రకాలే కొనాలి. వేరుమూలం పిలకలకు ముళ్లుంటాయి. ఒక వీధి మొత్తం ఇదే నాటితే పురుగు, తెగులు ఒకేసారి కమ్ముతాయి. కొన్ని నాటి ఆపడం మంచిది.

వేడి, పొడి ఉండి చలి తక్కువగా ఉన్న చోట పాలో వెర్దే అనే ఎడారి చెట్టులో ‘డెజర్ట్ మ్యూజియం’ రకం నా మొదటి ఎంపిక. అరిజోనాలో పార్కిన్సోనియా (పాలో వెర్దే చెట్ల శాస్త్రీయ నామం) జాతులు మూడింటి కలయికలో పుట్టింది. ముళ్లు లేవు, ఆకుపచ్చ మాను, పసుపు పూలు, వేగంగా పెరుగుతుంది. ఆ వేగం వల్లే కొమ్మలు గాలికి విరుగుతాయి. చిన్నప్పుడే కొమ్మలను తీర్చిదిద్దాలి.

## అనాస, వంగ

అనాసలో స్మూత్ కయెన్ ఆకులకు కొస దగ్గర తప్ప ముళ్లుండవు, పండు పెద్దది. క్వీన్ రకం ఆకు అంచులంతా రంపమే; పండు చిన్నది, కరకరలాడుతూ తియ్యగా ఉంటుంది. రుచికి క్వీన్, పని సుళువుకు కయెన్. కయెన్ తోటలో అప్పుడప్పుడు ముళ్ల పిలక పుడుతుంది, దాన్ని నాటుకు వాడకుండా తీసేయాలి. వంగలో తొడిమ ముళ్లు కోసేవాళ్లను బాధిస్తాయి తప్ప రుచికి కొలమానం కావు.

## ఒక్క చూపులో

| మొక్క | ముళ్లు లేకపోవడం ఎక్కడిది | మళ్లీ వచ్చే దారి | వదులుకునేది |
|---|---|---|---|
| జెఫిరిన్ డ్రూయిన్ గులాబీ | ఒళ్లంతా | వేరుమూలం పిలక | ఆకు తెగుళ్లను తట్టుకునే శక్తి |
| లేడీ బ్యాంక్స్ గులాబీ | ఒళ్లంతా | గింజ మొక్క | ఏడాది పొడవునా పూత, చోటు |
| థార్న్‌లెస్ ఎవర్‌గ్రీన్ బ్లాక్‌బెర్రీ | పైపొర | తెగిన వేరు, గింజ | దున్నే వెసులుబాటు |
| ట్రిపుల్ క్రౌన్, నవాహో | ఒళ్లంతా | ముళ్ల రకంతో కలిసిన గింజ | తక్కువ చలి ప్రాంతాల్లో కాపు |
| యురేకా లెమన్ | రకం, వయసు | నీటి కొమ్మ, వేరుమూలం | చలికి, ఎండకు ఓర్పు |
| ముళ్లు లేని నాగజెముడు | మట్ట ద్వారా నిలిచేది | గింజ | కాపలా, కంచె ఖర్చు |
| హనీ లోకస్ట్ ఇనర్మిస్ | ఎంపిక చేసిన అంటు | వేరుమూలం, గింజ | చిక్కటి నీడ |

## కంచె కోసం అడిగేవాళ్లకు

పశువులను, మనుషులను ఆపే జీవకంచె కావాలంటే ముళ్లు లేని మొక్క తప్పు ఎంపిక. కళ్లకు అడ్డం, దుమ్ముకు అడ్డం, హద్దు చూపడం మాత్రమే కావాలంటే వోల్కమేరియా ఇనర్మిస్ బాగా పనిచేస్తుంది. సముద్ర తీరాల మొక్క, ఉప్పు గాలికి చలించదు, ఎన్నిసార్లు కత్తిరించినా దట్టంగా చిగురిస్తుంది. బడి ఆవరణకు, పిల్లలు నడిచే దారికి ఇదే చెబుతాను. గోరింట కంచె లేతగా నున్నగా కనిపిస్తుంది గానీ పైన చెప్పినట్టు ముదిరితే మొనలు తేలుతుంది. కత్తిరిస్తూ లేత కొమ్మలే ఉండేలా చూడగలిగితే పెట్టుకోండి. మధ్యే మార్గం కూడా ఉంది: బయటి వరుస ముళ్లది, లోపలి వరుస నున్నది. చోటు ఉన్నవాళ్లకు ఇది రెండు అవసరాలూ తీరుస్తుంది.

## మీ పరిస్థితిని బట్టి

చిన్నపిల్లలున్న ఇంట్లో ఒళ్లంతా గుణమున్న మొక్కలకే పరిమితం కండి: సొంత వేరు మీది లేడీ బ్యాంక్స్, ట్రిపుల్ క్రౌన్ లాంటివి. నాగజెముడు ఏదైనా సరే అందనంత ఎత్తులో ఉండాలి.

చేతులు వణికే పెద్దవాళ్లకు, చక్కెర జబ్బు వల్ల గాయం తొందరగా మానని వాళ్లకు ముల్లు గుచ్చుకోవడం చిన్న విషయం కాదు. మట్టిలో, మొక్కల మీద ఉండే స్పోరోత్రిక్స్ అనే శిలీంధ్రం గులాబీ ముల్లు గాయం గుండా చర్మంలోకి చేరి పుండ్లు చేస్తుంది. వీళ్లు ముళ్లు లేని రకం కోసం రుచిలోనూ రంగులోనూ రాజీపడటం సమంజసమే. నున్నటి మొక్క దగ్గర కూడా తొడుగులు మానొద్దు, మట్టి అదే మట్టి.

పండ్లు అమ్మేవాళ్లకు కోత కూలీల వేగం, పండు చీరుకుపోకపోవడం లెక్కలోకి వస్తాయి. బ్లాక్‌బెర్రీలో ఇప్పుడు ముళ్ల రకం ఎంచుకోవడానికి నాకు బలమైన కారణం కనిపించడం లేదు. లెమన్‌లో ఇంకా కనిపిస్తోంది: గాలి, చలి ఉన్న చోట లిస్బన్.

అడవి జంతువులు వచ్చే అంచు భూముల వాళ్లు మొక్క ధరకు కంచె ధర కలుపుకుని చూడాలి. కంచె వేయలేకపోతే ముళ్ల రకమే నిలుస్తుంది.

## కొనే చోట

అమ్మేవారిని మూడు అడగండి: ఇది గింజ మొక్కా, కొమ్మ మొక్కా, అంటా? అంటు అయితే కింద ఏ వేరుమూలం? తల్లి మొక్క వయసెంత, దాని కింది కొమ్మలు చూడొచ్చా? మూడో ప్రశ్నకు చూపించగలిగిన చోటే కొనడం మేలు, ఎందుకంటే ముళ్లు తిరిగి వచ్చేది ముందుగా కింది భాగంలోనే. లేత కుండీ మొక్క నున్నగా ఉండటం ఏమీ రుజువు చేయదు.

నాటేటప్పుడు అంటు అతుకు మట్టిపైన కనబడేలా ఉంచండి, అప్పుడే కింది నుంచి లేచేది వెంటనే తెలుస్తుంది. నిమ్మలో మూడు రెక్కల ఆకు, గులాబీలో తేడా ఆకు కనిపిస్తే అది వేరుమూలానిదే. కత్తెరతో నేల మట్టానికి కత్తిరించవద్దు. అడుగున మొగ్గలు మిగిలి నాలుగు కొమ్మలుగా తిరిగి వస్తుంది. మట్టి తొలగించి, అది పుట్టిన చోటు దాకా వెళ్లి, లేతగా ఉండగానే కిందికి లాగి పీకేయండి.